భూమి పొరల పాఠానికి ముందు ఖనిజాల పాఠం రావాలి

డీఎస్సీకి చదువుతున్న మా మేనకోడలు మొన్న ఒక మోడల్ పేపరు ఫొటో తీసి పంపింది. "భూప్రావారం ఏ స్థితిలో ఉంటుంది?" అన్న బిట్టుకు కీలో "ద్రవ స్థితి" అని ఉంది. భూప్రావారం అంటే మన కాళ్ళ కింది పలచని భూపటలానికి, భూమి నడుమ ఉన్న కేంద్రమండలానికి మధ్య ఉండే మందపాటి పొర. ఒక పుస్తకంలో ఘనం అని, ఇంకో మెటీరియల్‌లో పాక్షిక ద్రవం అని చదివిందట. "ఏది పెట్టమంటావు మావయ్యా?" అని ఫోన్లో అడిగింది. ఘనమే పెట్టమన్నాను. "మరి లోపలంతా లావా కదా, బొమ్మలో కూడా ఎర్రగానే వేస్తారు కదా?" అంది. మొదటి ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పగలిగాను గాని, ఈ రెండో ప్రశ్న ఒక్క మాటకు లొంగేది కాదు.

కీ రాసినవారి పొరపాటుగా దీన్ని వదిలేయవచ్చు. కానీ రేపు బడిలో ఇదే పాఠం చెప్పబోయే మనిషికి మూడు పుస్తకాలు మూడు జవాబులు ఇచ్చినప్పుడు, వాటిలో ఏది సరైనదో స్వయంగా తేల్చుకునే దారి ఆమెకు ఎవరూ చూపించలేదన్నది నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ దారి ఖనిజాల ధర్మాల పాఠంలో ఉంది. సాధారణంగా మనం భూమి పొరలను ముందు, ఎవరో లోపలికి దిగి చూసి వచ్చినట్టుగా, తేలిపోయిన విషయంగా చెబుతాం. ఖనిజాల ధర్మాలను ఆ తరువాత ఎప్పుడో, కాఠిన్యం పట్టికగా బట్టీ పట్టిస్తాం. ఈ వరుస తిరగబడాలని, అసలు ఈ రెండూ ఒకే పాఠం కావాలని నా అభిప్రాయం. భూమి లోపలికి మనిషి దిగలేదు. లోపల ఏముందో మనకు తెలిసినదంతా రాళ్ళ గుణాల ద్వారానే తెలిసింది.

ఎర్ర రంగు

భూమి ఘనపరిమాణంలో సుమారు 84 శాతం భూప్రావారమే. భూపటలం ఒక్క శాతం ఉంటుంది, మిగిలినది కేంద్రమండలం. అంటే భూప్రావారం ద్రవమని నమ్మిన విద్యార్థి, భూమి దాదాపు మొత్తాన్ని ద్రవంగా ఊహించుకుని, దాని మీద తేలే పలచని పెంకు మీద మనం బతుకుతున్నామని అనుకుంటున్నాడన్నమాట. సైన్సు ప్రదర్శనల్లో థర్మాకోల్ గోళాలను కోసి రంగులు వేసిన నమూనాలు ఎన్నో చూశాను. పసుపు, నారింజ, ఎరుపు రంగులు లోపలి వేడిని సూచించడానికి వేస్తారు. చూసే పిల్లవాడికి మాత్రం అవి నిప్పునూ, లావానూ, కరిగిన లోహాన్నీ గుర్తు చేస్తాయి. వేడిగా ఉన్నదంతా కరిగి ఉంటుందని ఎవరూ నోటితో చెప్పకపోయినా, ఆ రంగు చెప్పేస్తుంది.

భూప్రావారం ఘనమని ఎలా తెలుసు? భూకంపం వచ్చినప్పుడు పుట్టే ఎస్ తరంగాలు దాని గుండా ప్రయాణిస్తాయి. ఎస్ తరంగం ముందుకు సాగాలంటే పదార్థం పక్కకు వంగి, మళ్ళీ తన ఆకారానికి తాను రావాలి. ద్రవానికి ఆ శక్తి లేదు, కాబట్టి ఎస్ తరంగం ద్రవంలోకి వెళ్ళగానే ఆగిపోతుంది. సుమారు 2,900 కి.మీ. లోతులో అది నిజంగానే ఆగిపోతుంది. అక్కడే ద్రవరూపంలో ఉన్న బాహ్య కేంద్రమండలం మొదలవుతుంది. ఈ కథలో మన దేశానికి ఉన్న పాత్రను మన పుస్తకాలు చెప్పకపోవడం నాకు ఎప్పుడూ లోటుగానే అనిపిస్తుంది. 1897 జూన్ 12న అస్సాంలో వచ్చిన మహాభూకంపాన్ని అధ్యయనం చేసినవారు జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్. దూరదేశాల పరికరాల్లో నమోదైన కదలికలను పరిశీలించి, ఒకే భూకంపం నుంచి మూడు రకాల తరంగాలు వేరు వేరు సమయాల్లో చేరుతున్నాయని ఆయన గుర్తించారు. 1906లో, భూమి నడుమ తరంగాలు మందగించే వేరే పదార్థంతో ఒక గోళం ఉండాలని వాదించారు. 1926లో హెరాల్డ్ జెఫ్రీస్ ఆ గోళం ద్రవమని తేల్చారు. 1936లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగే లేమన్ ఆ ద్రవం లోపల మరో గోళం ఉందని చూపించారు. అది ఘనమని తరువాత స్థిరపడింది.

అయితే "పాక్షిక ద్రవం" అని రాసినవారు కూడా గాలిలోంచి ఆ మాట తేలేదు. భూప్రావారం ఘనంగా ఉంటూనే కదులుతుంది. ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున, కోట్ల ఏళ్ళ పాటు ప్రవహిస్తుంది. ఖండాల కదలిక కూడా అందులో భాగమే. ఘనం ఎలా ప్రవహిస్తుందన్నది న్యాయమైన అనుమానమే. రోడ్డు పనులు జరిగేచోట పడి ఉన్న తారు ముద్దను సుత్తితో కొడితే పెళుసుగా పగులుతుంది. అదే ముద్దను ఎండాకాలమంతా కదపకుండా వదిలేస్తే అంచులు జారి నేలకు పరుచుకుంటుంది. కాలవ్యవధిని బట్టి పదార్థం ప్రవర్తన మారుతుందని చెప్పడానికి తారు పనికొస్తుంది. పోలిక అక్కడితో ఆపాలి, ఎందుకంటే తారులో స్ఫటికాలు, అంటే పరమాణువులు క్రమమైన వరుసల్లో పేర్చుకున్న రేణువులు, ఉండవు. భూప్రావారం దాదాపు పూర్తిగా స్ఫటికాల రాశి, ఆ స్ఫటికాల లోపలి లోపాలు నెమ్మదిగా జరగడం వల్లే అక్కడ ప్రవాహం సాధ్యమవుతోంది. కరిగిన శిల కొన్నిచోట్ల మాత్రమే, కొన్ని కారణాల వల్ల మాత్రమే పుడుతుంది: సముద్రాల అడుగున సాగే పర్వతశ్రేణుల (నడిగట్ల) కింద రాయి పైకి లేచి పీడనం తగ్గినప్పుడు, లేదా ఖండాలనూ సముద్రపు అడుగునూ మోసే ఫలకాల్లో ఒకటి మరొకదాని కిందికి దిగుతూ నీటిని మోసుకెళ్ళి అక్కడి రాయి ద్రవీభవన స్థానాన్ని తగ్గించినప్పుడు. అగ్నిపర్వతం ఏదో అడుగున ఉన్న లావా సముద్రానికి పెట్టిన రంధ్రం కాదు.

ద్రవీభవన స్థానం, పీడనంతో అది పెరగడం, ఆకారాన్ని నిలుపుకునే బిగువు: ఇవన్నీ ఖనిజాల ధర్మాలే. వాటిని ముందు నేర్చుకున్న విద్యార్థికి ఆ బిట్టు కష్టం కాదు.

సియాల్, సిమా, నిఫే

పోటీ పరీక్షల మెటీరియల్‌లో ఈ మూడు మాటలు ఇప్పటికీ కనబడతాయి. వందేళ్ళ కిందట ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ స్యూస్ ఇచ్చిన విభజన ఇది: సిలికాన్, అల్యూమినియం ఉన్న పై పొర, సిలికాన్, మెగ్నీషియం ఉన్న నడిమి పొర, నికెల్, ఇనుము ఉన్న గర్భం. ఆ కాలానికి అది గొప్ప ఊహ, మూలకాల విషయంలో చాలా వరకు నిలబడింది కూడా. నా అభ్యంతరం వేరు. సిలికాన్, మెగ్నీషియం అంటే విద్యార్థికి రెండు రసాయన నామాలు తప్ప ఇంకేమీ తెలియదు. అవే మూలకాలు ఆలివిన్ అనే ఆకుపచ్చని ఖనిజంగా ఒకలా, పైరాక్సీన్‌గా మరొకలా, బలపపు రాయిలో టాల్క్‌గా ఇంకొకలా ప్రవర్తిస్తాయి. ఆలివిన్‌తో గాజును గీయవచ్చు, టాల్క్‌ను గోటితో గీయవచ్చు. పొరను మూలకాల జాబితాగా చెబితే ఆ తేడా అంతా మాయమైపోతుంది.

దీనికితోడు రసాయన విభజనను, యాంత్రిక విభజనను కలిపేస్తారు. భూపటలం, భూప్రావారం అన్నది పదార్థాన్ని బట్టి చేసిన విభజన. పైన బిగువుగా ఉండే శిలావరణం, దాని కింద మెత్తబడిన ఆస్థెనోస్ఫియర్ అన్నది బిగువును బట్టి చేసినది. శిలావరణంలో భూపటలం మొత్తం, దానితోపాటు భూప్రావారపు పైభాగం కూడా ఉంటాయి. రెంటినీ ఒకే బొమ్మలో ఒకదాని కింద ఒకటి వరుసగా పేర్చితే, భూపటలానికి మరో పేరు శిలావరణమని పిల్లలు రాసుకుంటారు. చాలామంది అలాగే రాస్తున్నారు.

చేతికి అందే గుణాలు

ఖనిజాల పాఠం చప్పగా ఉంటుందని పిల్లలు అంటే వాళ్ళ తప్పేమీ లేదు. టాల్క్, జిప్సమ్, కాల్సైట్, ఫ్లోరైట్, అపటైట్, ఆర్థోక్లేజ్, క్వార్ట్జ్, టోపాజ్, కోరండం, వజ్రం అని అతి మెత్తనిదాని (1) నుంచి అతి గట్టిదాని (10) దాకా వరుసగా అప్పజెప్పడంలో ఏ రుచీ లేదు. 1812లో జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ ఈ వరుస తయారు చేసింది, చేతిలో ఉన్న రాయి ఏదో అక్కడికక్కడే గుర్తించడానికి. గీయడం అనే పని లేకుండా ఆ పట్టికకు అర్థం లేదు.

మా బంధువుల ఇంట్లో కొత్త వంటగదికి నున్నగా మెరిసే నల్లరాతి గట్టు వేయించారు. దుకాణంలో గ్రానైట్ అని చెప్పి అమ్మారు. కొన్నాళ్ళకు దాని మీద తెల్లని మచ్చలు రావడం మొదలైంది. పనమ్మాయి సరిగా తుడవడం లేదని ఇంట్లో గొడవ కూడా జరిగింది. నేను వెళ్ళినప్పుడు చూస్తే, మచ్చలన్నీ నిమ్మకాయలు కోసేచోట, చింతపండు పులుసు గిన్నె పెట్టేచోట ఉన్నాయి. గట్టు అంచున కనబడని మూల కత్తి మొనతో గీశాను, తెల్లని గాటు పడింది. అది నల్ల సున్నపురాయి, మన కడప బండ జాతిది. కాల్సైట్ కాఠిన్యం 3, కత్తి ఉక్కుది సుమారు ఐదున్నర. పులుపు తగిలితే కాల్సైట్ కరుగుతుంది. గ్రానైట్‌లో ఉండే ఫెల్డ్‌స్పార్ కాఠిన్యం 6, పలుగురాయి, అంటే క్వార్ట్జ్ కాఠిన్యం 7. వాటి మీద కత్తి జారిపోతుంది, నిమ్మరసం వాటిని ఏమీ చేయలేదు. కొనేముందు దుకాణంలోనే ఒక మేకుతో అర నిమిషంలో తేలిపోయే విషయానికి ఒక అమ్మాయి నెలల తరబడి మాటలు పడింది. కాఠిన్యం, ఆమ్లంతో చర్య అని పుస్తకంలో రెండు పంక్తులుగా ఉండే విషయం ఇదే.

ఇంకొకటి. తొలకరి వానలు పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో, అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కల వజ్రాల కోసం జనం వెతుకులాడడం ఏటా వార్తల్లో చూస్తాం. సుత్తితో కొట్టినా పగలనిదే వజ్రమన్న నమ్మకం చాలామందిలో ఉంది. గీతకు లొంగకపోవడం వేరు, దెబ్బకు ఓర్చుకోవడం వేరు. వజ్రాన్ని ఏ ఇతర సహజ ఖనిజమూ గీయలేదు గాని, దానికి నాలుగు దిశల్లో తేలికగా చీలే తలాలున్నాయి. సుత్తి దెబ్బకు అది ముక్కలవుతుంది. ఆ నమ్మకంతో పరీక్ష పెట్టినవాడు నిజమైన వజ్రాన్నే పోగొట్టుకుంటాడు. గాజును గీసి చూడడం కూడా చాలదు, పలుగురాయి కూడా గాజును గీస్తుంది. గాలిలో ఒకసారి, నీటిలో ఒకసారి తూచి సాంద్రత కనుక్కుంటే తేడా తెలుస్తుంది: పలుగురాయిది నీటికి 2.65 రెట్లు, వజ్రానిది 3.5 రెట్లు. ఒక్క గుణంతో ఏ ఖనిజమూ తేలదని, రెండు మూడు గుణాలు కలిపి చూడాలని ఈ ఉదాహరణ చెప్పినంత బలంగా ఏ నిర్వచనమూ చెప్పలేదు.

మిగతావి తొందరగా చెబుతాను. గూడూరు, సైదాపురం ప్రాంతాల అభ్రకాన్ని గోటితో రేకులు రేకులుగా విడదీయవచ్చు. ఒకే దిశలో చీలిక అంటే అదే. రాళ్ళ ఉప్పు గడ్డను కత్తితో కొడితే చతురస్రపు ముఖాలతో విడిపోతుంది. మూడు దిశల్లో చీలిక అంటే అది. నల్లగా లోహంలా మెరిసే హెమటైట్ ముక్కను మెరుపు పూత లేని టైలు వెనకవైపు గీస్తే ఎర్రటి చార పడుతుంది. కంసాలి గీటురాయి మీద బంగారం గీసి చూసేది కూడా ఇలా చార రంగును బట్టే. రైల్వేకోడూరు దగ్గరి మంగంపేట ముగ్గురాయిని చేతిలోకి తీసుకున్నవారు ఎవరైనా ఒక క్షణం ఆగుతారు, చూపుకు మామూలు రాయిలా ఉండి ఊహించని బరువు తూగుతుంది. దాని సాంద్రత 4.5. ఆ బరువు కోసమే చమురు బావులు తవ్వేటప్పుడు రంధ్రంలోకి పంపే బురదలో దాన్ని కలుపుతారు. భూమిలోకి లోతుగా దిగాలంటే కూడా ఒక ఖనిజపు గుణం అవసరమైందన్నమాట.

గుణాల నుంచి పొరలకు

ఇప్పుడు సాంద్రతను పట్టుకుని లోపలికి వెళ్ళవచ్చు. 1798లో హెన్రీ కావెండిష్ ప్రయోగం వల్ల భూమి సగటు సాంద్రత నీటికి సుమారు ఐదున్నర రెట్లని తెలిసింది. మన చుట్టూ ఉన్న రాళ్ళలో ఎక్కువ భాగం సాంద్రత 2.7 దగ్గర ఉంటుంది. పలుగురాయిని, సున్నపురాయిని తూచి చూసిన విద్యార్థికి ఇక్కడే ప్రశ్న పుడుతుంది: పైనున్నవి ఇంత తేలికైతే లోపల ఇంకెంత బరువైనది ఉండాలి? కేంద్రమండలంలో ప్రధానంగా ఇనుము ఉందన్న నిర్ణయానికి మొదటి మెట్టు ఈ ప్రశ్నే. తరంగాల వేగం, ఇనుప ఉల్కల నిర్మాణం తరువాతి మెట్లు. బొమ్మ ముందు చూసినవాడికి ఈ ప్రశ్న పుట్టదు, జవాబు అప్పటికే అక్కడ రంగు వేసి ఉంటుంది.

విశాఖ నుంచి భీమిలి దాకా తీరం వెంట నడిస్తే ఇసుకలో నల్లటి, ముదురు ఎరుపు చారలు కనబడతాయి. అల వెనక్కి పోతూ తేలికైన పలుగురాయి రేణువులను లాక్కుపోతుంది, బరువైన గార్నెట్, ఇల్మనైట్, మాగ్నటైట్ రేణువులు మిగిలిపోతాయి. గుప్పెడు ఎండిన నల్ల ఇసుకను కాగితం మీద పోసి కింద మామూలు అయస్కాంతం తిప్పితే మాగ్నటైట్ రేణువులు ముళ్ళలా లేచి నిలబడతాయి, గులాబీ రంగు గార్నెట్లు కదలవు. భూతద్దంలో ఆ గార్నెట్లను చూస్తే కొన్నింటికి అరిగిన ముఖాలు ఇంకా తెలుస్తాయి.

ఆ గార్నెట్లలో చాలా వరకు తూర్పు కనుమల రాళ్ళ నుంచి వచ్చినవే. సింహాచలం, కైలాసగిరి కొండల్లో ఉన్న ఖొండలైట్ అనే రాయిలో గార్నెట్, సిల్లిమనైట్, పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ కలిసి ఉంటాయి. ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బురదే భూపటలం లోతుల్లోకి కూరుకుపోయి, 900 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి ఇలా మారింది. పాతిక కిలోమీటర్ల దరిదాపు లోతులో అది జరిగిందని చెప్పగలగడానికి కారణం, పక్కపక్కనే పెరిగిన ఈ ఖనిజాల్లో గార్నెట్, ఫెల్డ్‌స్పార్ పీడనాన్ని బట్టి తమ కూర్పును మార్చుకోవడం. ఆ కూర్పును కొలిస్తే లోతు తెలుస్తుంది. సోవియట్ శాస్త్రవేత్తలు కోలా ద్వీపకల్పంలో 1970లో తవ్వడం మొదలుపెట్టి, 1989 నాటికి చేరుకోగలిగిన లోతు 12,262 మీటర్లు. దానికి దాదాపు రెట్టింపు లోతును చూసి వచ్చిన రాయి విశాఖలో రోడ్డు పక్కన, ప్రహరీ గోడల్లో ఉంది. భూపటలం అడుగు ఎలా ఉంటుందో చెప్పడానికి మన పిల్లలకు ఇంతకంటే దగ్గరి సాక్ష్యం ఏం కావాలి?

ఇంకా లోతుకు వెళ్తే కథ మరింత చిక్కబడుతుంది. భూప్రావారాన్ని ఒకే రంగుతో నింపేస్తాం గాని, 410 కి.మీ., 660 కి.మీ. లోతుల్లో భూకంప తరంగాల వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. పదార్థం పెద్దగా మారదు, స్ఫటికాల అమరిక మారుతుంది. ఆలివిన్ 410 కి.మీ. దగ్గర వాడ్స్‌లియైట్‌గా, మరికొంత లోతులో రింగ్‌వుడైట్‌గా, 660 కి.మీ. దగ్గర విడిపోయి బ్రిడ్జ్‌మనైట్‌గా, మరో ఆక్సైడ్ ఖనిజంగా మారుతుంది. ప్రతి మెట్టులోనూ పరమాణువులు ఇంకా దగ్గరగా సర్దుకుంటాయి, సాంద్రత పెరుగుతుంది. ఒకే కార్బన్ పైన పెన్సిల్ ముల్లులోని గ్రాఫైట్‌గా, సుమారు 150 కి.మీ. లోతున వజ్రంగా స్థిరపడడం లాంటిదే ఇది. మొదటి ఖనిజం సాంద్రత 2.2, రెండోదానిది 3.5. భూమి మొత్తంలో అత్యధికంగా ఉన్న ఖనిజం బ్రిడ్జ్‌మనైట్. అయినా 2014 దాకా దానికి అధికారికమైన పేరే లేదు, ఎందుకంటే సహజ నమూనా దొరికి వివరాలు తేలితే తప్ప ఖనిజానికి పేరు పెట్టరు. చివరికి 1879లో ఆస్ట్రేలియాలో పడిన టెన్‌హామ్ ఉల్కలో ఆ నమూనా దొరికింది.

ఈ మార్పులను ప్రయోగశాలలో చూసే సాధనం రెండు వజ్రాల మధ్య ఇసుక రేణువు కంటే చిన్న నమూనాను పెట్టి నొక్కే పరికరం. నొక్కితే లొంగనంత కాఠిన్యం వజ్రానికి ఉంది, లేజరుతో వేడి చేయడానికి, ఎక్స్ కిరణాలతో లోపలి అమరిక చూడడానికి వీలైన పారదర్శకత కూడా ఉంది. మోస్ పట్టికలో చివరి స్థానంలో బట్టీ పట్టే ఖనిజం ఇదే. పట్టికలోని ఒక్క అంకెకు ఇంత పెద్ద పని ఉందని చెప్పకుండా దాటేయడం విద్యార్థికి అన్యాయం.

2014లోనే బ్రెజిల్‌లోని జుయినా ప్రాంతపు వజ్రంలో చిక్కుకున్న అతి చిన్న రింగ్‌వుడైట్ రేణువు ఒకటి దొరికినట్టు ప్రచురితమైంది. దాని బరువులో సుమారు ఒకటిన్నర శాతం నీరు ఉంది. ఆ తరువాత "భూమి లోపల మహాసముద్రం" అన్న శీర్షికలతో ఎన్ని వీడియోలు వచ్చాయో చెప్పలేను. అక్కడ నీరు ప్రవహించేదిగా లేదు, హైడ్రోజన్, ఆక్సిజన్ జంటలుగా స్ఫటికం అమరికలోనే ఒదిగి ఉంది. స్ఫటికం అంటే ఏమిటో తెలిసినవారికి ఆ వార్త అద్భుతంగా అనిపిస్తుంది. పొరల బొమ్మ మాత్రమే తెలిసినవారికి నీలం రంగుతో ఇంకొక పొర కలుస్తుంది.

ఎదురు వాదనలు

ప్రభుత్వ పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడితో ఈ సంగతి మాట్లాడాను. ఆయన అభ్యంతరాలు తేలికైనవి కావు. నలభై అయిదు నిమిషాల పీరియడు, అరవై మంది పిల్లలు, రాళ్ళు ఎక్కడి నుంచి తేవాలి, సిలబస్ ఎప్పుడు పూర్తి చేయాలి అన్నది మొదటిది. రాళ్ళ విషయంలో నాకు జవాబు ఉంది: రాళ్ళ ఉప్పు, బలపం, పెన్సిల్ ముల్లు, వాగులో దొరికే పలుగురాయి, కడప లేదా తాండూరు బండ ముక్క, గ్రానైట్ దుకాణం బయట పారేసిన ముక్క, ఒక మేకు, ఒక టైలు, అరచెంచా నిమ్మరసం. ఇందులో డబ్బు పెట్టి కొనవలసినది దాదాపు ఏమీ లేదు. కాలం విషయంలో నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక పీరియడు ఎక్కువ పడుతుందని ఒప్పుకుంటాను, కానీ దానికి బదులుగా మోస్ పట్టిక బట్టీకి, పొరల మందాల బట్టీకి పోయే కాలం మిగులుతుందని కూడా అంటాను.

ఆయన రెండో అభ్యంతరం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. గీసినప్పుడు తెలిసే కాఠిన్యానికి, భూకంప తరంగం వేగానికి నేరుగా సంబంధం లేదు. తరంగ వేగం స్థితిస్థాపకత, సాంద్రతల మీద ఆధారపడుతుంది. అలాంటప్పుడు మేకుతో గీయడం నేర్పి, దాని మీద భూప్రావారాన్ని నిలబెట్టడం ఇంకొక రకం అపోహకు దారి తీయదా అన్నారు. నిజమే, ఆ ప్రమాదం ఉంది. అందుకే నేను కాఠిన్యం కంటే సాంద్రతకు, స్ఫటిక నిర్మాణానికి, ద్రవీభవనానికి ఎక్కువ చోటు ఇవ్వాలంటాను. పుస్తకాల్లో కాఠిన్యానికే పెద్దపీట ఉండడం కూడా సరిచేయవలసినదే. అయినా గీసి చూసే పరీక్షను వదులుకోను. దాని వల్ల పిల్లలకు వచ్చేది ఒక అలవాటు: కంటికి కనబడేదాన్ని నమ్మకుండా, ఒక గుణాన్ని పరీక్షించి, ఫలితాన్ని బట్టి మాట్లాడడం. రెండు నల్లరాళ్ళలో ఏది ఏదో మేకుతో తేల్చిన పిల్లవాడు, రెండు పొరల్లో ఏది ద్రవమో ఎస్ తరంగంతో తేల్చారని చెబితే ఆ తర్కాన్ని వెంటనే గుర్తుపడతాడు.

చిన్నపిల్లలకు బొమ్మ ముందు కావాలన్నది మూడోది. బొమ్మ తీసేయమని నేను అనడం లేదు, నిష్పత్తి చెప్పి వేయమంటున్నాను. భూమి వ్యాసార్ధం 6,371 కి.మీ. పుస్తకంలో దాన్ని 6.4 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తంగా గీస్తే, ఒక మిల్లీమీటరు వంద కిలోమీటర్లకు సమానం. ఖండాల కింద సగటున 35 కి.మీ. దాకా ఉండే భూపటలం అందులో మిల్లీమీటరులో మూడో వంతు, అంటే చెక్కిన పెన్సిల్ గీత మందం. విద్యార్థి చేతే ఆ గీత గీయించి, మనం తవ్విన గనులూ బావులూ సముద్రాలూ పర్వతాలూ అన్నీ ఆ గీతలోనే ఉన్నాయని చెప్పవచ్చు. పుస్తకాల్లో భూపటలాన్ని వేలెడు మందాన వేసి, "నిష్పత్తి ప్రకారం కాదు" అన్న మాట కూడా రాయకపోవడం వల్లే కోలా రంధ్రం గురించి విన్నవారు, ఇంకొంచెం తవ్వితే లావా వచ్చేదనుకుంటారు.

మన నేల కింద కొలిచిన లోతు

పుస్తకంలో ఉండే సగటు అంకెలు ఎవరి నేలకు సంబంధించినవో తెలియదు. మన నేల కింద కొలిచిన అంకె ఒకటి ఉంది. 1970లలో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, నెల్లూరు జిల్లా కావలి నుంచి కర్ణాటక తీరంలోని ఉడిపి దాకా సుమారు 600 కి.మీ. రేఖ వెంట భూమిలో పేలుళ్ళు జరిపి, ఆ ప్రకంపనలు లోపలి పొరలను తాకి తిరిగి రావడాన్ని నమోదు చేసింది. భూపటలం అడుగు ఆ రేఖ వెంట 34 నుంచి 41 కి.మీ. లోతులో ఉందని తేలింది. 1909లో క్రొయేషియాలోని జాగ్రెబ్ దగ్గర వచ్చిన భూకంపం నుంచి ఆండ్రియా మొహొరొవిచిచ్ గుర్తించిన సరిహద్దు, మోహో అని పిలిచేది, ఇదే.

ఆ సరిహద్దును దాటగానే పి తరంగం (భూకంప తరంగాల్లో అన్నిటికంటే ముందు చేరేది) వేగం సెకనుకు 7 కి.మీ. లోపు నుంచి 8 కి.మీ. దగ్గరికి పెరుగుతుంది. అక్కడున్నది ఏ రాయో ఆ వేగం దానంతట అది చెప్పదు. ఆలివిన్, పైరాక్సీన్ ఎక్కువగా ఉన్న పెరిడొటైట్ అనే రాయిని ప్రయోగశాలలో అదే పీడనం కింద పెట్టి కొలిస్తే దాదాపు అదే వేగం వస్తుంది, గ్రానైట్‌లో రాదు. వజ్రకరూరులో కింబర్లైట్ (లోతుల నుంచి వజ్రాలను పైకి మోసుకొచ్చే అగ్నిశిల) గొట్టాల్లో భూప్రావారం నుంచి పైకి కొట్టుకొచ్చిన రాళ్ళ ముక్కల్లో కూడా ఆలివిన్, పైరాక్సీన్, గార్నెట్లే ఉన్నాయి. వేగం, ప్రయోగశాల కొలత, చేతికందిన ముక్క ఈ మూడూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టే భూప్రావారంలో ఏముందో ఇంత ధైర్యంగా రాయగలుగుతున్నాం. తొమ్మిదో తరగతి పాఠంలో రంగుల వృత్తం పక్కన కావలి–ఉడిపి రేఖను, వజ్రకరూరు రాయి ఫొటోను వేసి, ఈ రెండు వేగాల అంకెలు ఇచ్చి, ఏ ఖనిజాల వల్ల ఈ తేడా వచ్చి ఉంటుందో రాయమని ఒక ప్రశ్న అడగవచ్చు. దానికి నాలుగు మార్కులు ఇచ్చిన ఏడాది నుంచే కోచింగ్ మెటీరియల్ కూడా మారుతుంది.